ఇంప్లాంట్లపై పూర్తి పళ్ల సెట్టు: ఏ ఇంప్రెషన్ ఎవరికి, ఏ బైట్ రికార్డు ఎప్పుడు

హైదరాబాద్‌లో ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) పని కొత్తగా మొదలుపెట్టిన దంత వైద్యులు ముందుగా అడిగేది ఇంప్రెషన్ (నోటి అచ్చు) తీయడానికి ఏ మెటీరియల్ మంచిదని. ఆ వెంటనే అడిగేది, అచ్చుకు బదులు కెమెరాతో నోటిని కొలిచే స్కానర్ కొనాలా వద్దా అని. రెండూ అడగదగినవే గాని, వాటి వంతు రావలసింది చివర్లో. ముందు తేల్చుకోవలసింది, చేయబోయే సెట్టు ఇంప్లాంట్ల మీద మాత్రమే నిలబడుతుందా, లేక ఇంప్లాంట్లతో పాటు చిగురు మీద కూడా ఆనుతుందా అన్నది. దీనికి జవాబు దొరికితే ట్రే (మెటీరియల్‌ను నోట్లో పెట్టే పళ్లెం), మెటీరియల్, బైట్ రికార్డు (రెండు దవడలు మూసుకునే స్థానాన్ని నమోదు చేయడం) చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ఇంత పట్టింపు ఎందుకో ముందుగా చెప్పుకోవాలి. సహజమైన పంటికీ ఎముకకూ మధ్య పీచుపొర ఉంటుంది కాబట్టి పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల దాకా కదలగలదు. ఎముకతో ఏకమైపోయిన ఇంప్లాంట్ నిలువు దిశలో 3 నుంచి 5 మైక్రాన్లకు మించి కదలదు. బ్రిడ్జి రవ్వంత బిగువుగా కూర్చున్నా పళ్లు సర్దుకుంటాయి, ఇంప్లాంట్లు సర్దుకోవు. ఆ బిగువంతా స్క్రూల మీద పడి, అవి పదే పదే వదులవుతాయి, విరుగుతాయి, పైనున్న పింగాణీ పెచ్చులూడుతుంది. ఎముక కూడా తరుగుతుందా అన్న విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి గాని స్క్రూల విషయంలో లేవు. ఆధునిక ఇంప్లాంట్లకు ఆద్యుడైన బ్రోనెమార్క్ ఈ తేడాకు కోరిన హద్దు 10 మైక్రాన్లు; తర్వాతి వారు 150 మైక్రాన్ల దాకా నెట్టుకురావచ్చన్నారు. తలవెంట్రుక మందం కూడా 100 మైక్రాన్లకు అటూ ఇటూ మాత్రమే కనుక, కంటితో చూసి సరిపోయిందనుకోవడానికి ఇక్కడ వీలు లేదు.

తీసి పెట్టుకునే సెట్టయితే

కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేసి, వాటిపై లొకేటర్లు (సెట్టును గుండీలా పట్టి ఉంచే లోహపు బొడిపెలు) బిగించి, తీసి పెట్టుకునే సెట్టు ఇవ్వడం మన దగ్గర విరివిగా జరిగే పని. పళ్లన్నీ పోయిన కింది దవడకు మొదట ఆలోచించవలసిన చికిత్స ఇదేనని 2002లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు తేల్చారు. ఈ సెట్టుకు పట్టు ఇంప్లాంట్ల నుంచి వస్తుంది గాని, నమిలేటప్పుడు వెనక భాగపు బరువు చిగురే మోస్తుంది. అందువల్ల ఇక్కడ ఇంప్లాంట్ల స్థానాన్ని ఇంప్రెషన్‌లోకి ఎక్కించే ఖరీదైన కోపింగుల కన్నా సెట్టు అంచుల కొలతే ముఖ్యం. అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చదివినా, నగర శివార్లలోని ప్రైవేటు కళాశాలల్లో చదివినా, గ్రీన్ స్టిక్ కాంపౌండుతో బోర్డర్ మౌల్డింగ్ చేసి (ట్రే అంచులను బుగ్గ, నాలుక కదలికలకు తగ్గట్టు మలిచి) జింక్ ఆక్సైడ్ పేస్టుతో ఇంప్రెషన్ తీయడం మనందరికీ చేతికి అలవాటైన పని. ఇంప్లాంట్ ఉందన్న ధీమాతో ఆ పనిని అశ్రద్ధ చేసినచోటే సెట్టు వెనక భాగం ఊగుతూ, లొకేటర్ల నైలాన్ ముక్కలు నెలల్లోనే అరిగిపోతుంటాయి.

ఈ సెట్టులో లొకేటర్ గిన్నెలను (లొకేటర్ బొడిపెల మీద కూర్చునే మూతలను) బిగించడానికి రెండు దారులున్నాయి. లొకేటర్ కోపింగులతో ఇంప్రెషన్ తీసి, అనలాగులు (నోట్లోని భాగానికి బదులు మోడల్‌లో నిలిచే నకళ్లు) పెట్టి, గిన్నెలను ల్యాబులోనే బిగింపజేయడం ఒకటి. సెట్టు పూర్తయ్యాక నోట్లోనే కోల్డ్ క్యూర్ రెజిన్‌తో (వేడి లేకుండా గట్టిపడే ప్లాస్టిక్‌తో) వాటిని పట్టించడం రెండోది. రెండు ఇంప్లాంట్లకైతే రెండో దారే మేలని నా అభిప్రాయం. ఇంప్రెషన్‌లోనూ రాతి మోడల్‌లోనూ సెట్టు ఉడికించడంలోనూ పోగుపడిన పొరపాట్లేవీ ఆ గిన్నెల స్థానాన్ని తాకవు. అయితే పద్ధతిగా చేయాలి: లొకేటర్ల చుట్టూ, రెజిన్ కిందికి దిగకుండా ఆపే తెల్లటి రింగు తప్పనిసరిగా పెట్టాలి, సెట్టులో గిన్నెకు ఏ వైపూ తగలనంత చోటు తొలవాలి, నాలుక వైపు ఒక చిన్న రంధ్రం ఉంచాలి, రెజిన్ కొద్దిగానే వేయాలి, అది గట్టిపడేదాకా రోగి పళ్లు తేలిగ్గా మాత్రమే ఆనించి ఉంచాలి. గట్టిగా కొరికిస్తే ఆ క్షణానికి చిగురు నొక్కుకుపోతుంది; తర్వాత అది పైకి లేచి, సెట్టును ఎప్పుడూ లొకేటర్ల నుంచి నెడుతూనే ఉంటుంది.

నాలుగు ఇంప్లాంట్లను బార్‌తో కలిపే సెట్టు తీసి పెట్టుకునేదే అయినా, ఆ బార్ (లోహపు కమ్మీ) కొలతను మాత్రం స్థిరమైన, అంటే రోగి తీయలేని సెట్టు కొలతగానే చూడాలి.

స్థిరమైన సెట్టు: ఓపెన్ ట్రేనా, క్లోజ్డ్ ట్రేనా

క్లోజ్డ్ ట్రే పద్ధతిలో ఇంప్రెషన్ బయటికి వచ్చాక కోపింగులు నోట్లోనే మిగిలిపోతాయి. వాటిని విప్పి, అనలాగుకు బిగించి, ఇంప్రెషన్‌లో ఏర్పడిన గుంటలోకి చేత్తో తిరిగి కూర్చోబెట్టాలి. అలా కూర్చోబెట్టినప్పుడు వచ్చే స్వల్పమైన తేడాయే ఈ పద్ధతి బలహీనత. రెండు మూడు ఇంప్లాంట్లు దాదాపు సమాంతరంగా ఉన్నప్పుడు ఆ తేడా పనిని చెడగొట్టదు. నాలుగు అంతకు మించి ఇంప్లాంట్లున్నప్పుడు, ముఖ్యంగా నాలుగింటిపై మొత్తం సెట్టు నిలిపే పద్ధతిలో వెనకవి 30 నుంచి 45 డిగ్రీల దాకా వంచి వేసినప్పుడు, ఇంప్రెషన్ బయటికి లాగేటప్పుడే మెటీరియల్ సాగిపోతుంది. అక్కడ ఓపెన్ ట్రేకే ఓటు: ట్రేలో కిటికీ ఉంచి, పొడవాటి స్క్రూలు అందులోంచి పైకి కనపడేలా చేసి, మెటీరియల్ గట్టిపడ్డాక ఆ స్క్రూలను పూర్తిగా విప్పితే కోపింగులు ఇంప్రెషన్‌తో పాటే కదలకుండా వచ్చేస్తాయి.

వంకరగా ఉన్న ఇంప్లాంట్లకు ఇంకొక ఉపాయం, కొలతను ఇంప్లాంట్ మట్టం నుంచి కాక, దానిపై బిగించే మధ్య ముక్క అయిన మల్టీ యూనిట్ అబట్‌మెంట్ మట్టం నుంచి తీయడం. 17, 30 డిగ్రీల అబట్‌మెంట్లు దిశను చాలావరకు సరిచేస్తాయి. లోతుగా ఉన్న జాయింటు చిగురు పైకి వస్తుంది. పైగా ఒకసారి సరైన టార్క్‌తో (బిగింపు బలంతో) బిగించాక వాటిని మళ్లీ కదిలించనక్కరలేదు. స్థిరమైన పూర్తి సెట్టు చేస్తూ, దంతాల ఎత్తుకు చాలినంత చోటు ఉండగా, నేరుగా ఇంప్లాంట్ మట్టం నుంచి కొలత తీయడానికి గట్టి కారణం నాకు కనపడదు.

ఓపెన్ ట్రే పుస్తకంలో ఎంత బాగున్నా, గుట్కా, వక్క నమిలి సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ (నోటి లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరుచుకోని జబ్బు) తెచ్చుకున్న రోగి కుర్చీలో కూర్చుంటే లెక్క మారిపోతుంది. ఇలాంటి రోగులు మన నగరంలో తక్కువేమీ కాదు. రెండు వేళ్లు నిలువుగా పట్టని నోట్లో, పొడవాటి స్క్రూ మీద డ్రైవరు, దాని మీద వేళ్లు ఎలాగూ పట్టవు. అలాంటి చోట పొట్టి స్క్రూలు దొరుకుతాయేమో ముందే చూసుకోవాలి. లేకపోతే క్లోజ్డ్ ట్రేతో మోడల్ చేయించి, దాని తప్పును తర్వాత చెప్పబోయే జిగ్‌తో దిద్దుకోవాలి. వాంతి వచ్చినట్లుండే రోగికి కూడా, త్వరగా బయటికి తీయగలిగే క్లోజ్డ్ ట్రేయే కొన్నిసార్లు వాస్తవిక మార్గం.

ఏ ట్రే అయినా కోపింగు పూర్తిగా కూర్చుందో లేదో ఎక్స్‌రేతో చూడాలి. ఎక్స్‌రేలో ఇంప్లాంట్ మరలు రెండు వైపులా విడివిడిగా కనపడితేనే కోణం సరిగ్గా పడ్డట్టు. మరలు అలుక్కుపోయినట్లుంటే ఆ ఫిల్ములో సందు లేదనిపించినా నమ్మకూడదు.

కోపింగులను కలిపి బంధించడం

నాలుగు అంతకు మించిన ఇంప్లాంట్లకు కోపింగులను ఒకదానితో ఒకటి బంధించిన ఓపెన్ ట్రేయే మెరుగని ఈ విషయంపై జరిగిన పరిశోధనలు ఎక్కువగా చెబుతున్నాయి. అయితే ఎలా బంధించామన్నది, బంధించామా లేదా అన్నంత ముఖ్యం. సాధారణంగా కోపింగుల చుట్టూ ఫ్లాస్ దారం అల్లి దాని మీద ప్యాటర్న్ రెజిన్ వేస్తారు. ఆ రెజిన్ గట్టిపడుతూ కుంచించుకుపోతుంది: 24 గంటల్లో మొత్తం మీద 6.5 నుంచి 7.9 శాతం దాకా, అందులో 80 శాతం మొదటి 17 నిమిషాల్లోనే. అంటే నోట్లో ఒక్క విడతలో లావుపాటి రెజిన్ కమ్మీ కట్టి వెంటనే ఇంప్రెషన్ తీస్తే, కోపింగులను బంధించడం వల్ల కలిగే మేలు కన్నా వాటిని ఒకదాని వైపు మరొకటి లాగడం వల్ల కలిగే కీడే ఎక్కువ కావచ్చు.

సరైన క్రమం ఇది. ముందుగా తీసిన ప్రాథమిక మోడల్ మీద, కోపింగులు బిగించి, ముందు రోజే రెజిన్ కమ్మీ కట్టాలి. అది పూర్తిగా గట్టిపడ్డాక రెండేసి కోపింగుల మధ్య పలుచటి డిస్కుతో కోసి, ఒక్కొక్క ముక్కకు నంబరు వేసుకోవాలి. నోట్లో ఒక్కొక్క ముక్కనూ దాని ఇంప్లాంట్‌కు బిగించి, ఎక్స్‌రే చూసుకుని, ఆ సన్నటి కోతల్ని మాత్రం కుంచెతో కొద్దికొద్దిగా రెజిన్ వేసి కలపాలి. కోత ఎంత సన్నగా ఉంటే కుంచించుకుపోయే రెజిన్ అంత తక్కువ. ముక్కలు ఒకదానికొకటి తగులుతుంటే మాత్రం అసలు కలపకూడదు. తగిలినచోట కాస్త అరగదీసి, సందు చేసి, అప్పుడు కలపాలి.

మెటీరియల్, ఎండ

మెటీరియల్ గురించి చెప్పవలసింది, దాని గురించి జరిగే వాదాలతో పోలిస్తే, తక్కువే. పాలీఈథర్ బిగువుగా ఉంటుంది, కోపింగును గట్టిగా పట్టుకుంటుంది, కాస్త తడిని కూడా ఓర్చుకుంటుంది. చేదు దాని లోపం, నీరు పీల్చుకుని ఉబ్బడం ఇంకొక లోపం. ఆల్జినేట్ ఇంప్రెషన్‌తో పాటు ఒకే తడి కవరులో పెట్టి ల్యాబుకు పంపితే పాలీఈథర్ కొలత పనికిరాదు. అడిషన్ సిలికోన్ రోజుల తరబడి కొలత మారకుండా నిలుస్తుంది, బయటికి తేలిగ్గా వస్తుంది. లేటెక్స్ గ్లవ్స్‌తో పుట్టీ కలిపితే మాత్రం సరిగా గట్టిపడదు. కోపింగులు కలిపి బంధించి ఉన్నప్పుడు ఈ రెండింటిలో ఏది వాడినా చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇంప్రెషన్ ప్లాస్టర్ బిగువులో అన్నిటికన్నా మిన్న, చవక కూడా; అండర్‌కట్లు (లోపలికి వంగిన గుంటలు) లేని పూర్తి దవడలో ఇప్పటికీ అది మంచి ఎంపికే, కాకపోతే వాడే చేతులు తగ్గిపోయాయి.

ఏప్రిల్, మే నెలల్లో నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పెట్టె మీద రాసిన వర్కింగ్ టైమ్ (మెటీరియల్ గట్టిపడేలోపు చేతిలో ఉండే వ్యవధి) దాదాపు 23 డిగ్రీల గదికి లెక్కవేసినది. ఏసీ ఆగిపోయిన గదిలో, ఆరు కోపింగుల చుట్టూ సిరంజితో మెటీరియల్ వేస్తుండగానే మొదటి కోపింగు దగ్గరిది గట్టిపడడం మొదలవుతుంది. మెటీరియల్‌ను చల్లటి చోట ఉంచుకోవడం, వీలైతే నెమ్మదిగా గట్టిపడే రెగ్యులర్ సెట్ రకమే తెప్పించుకోవడం మంచిది.

స్కానర్, ఫోటోగ్రామెట్రీ

ఇంట్రా ఓరల్ స్కానర్ చిన్న చిన్న చిత్రాలను ఒకదానికొకటి అతికించుకుంటూ వెళుతుంది. పళ్లు ఉన్న నోట్లో ఆ అతుకులకు గుర్తులు దొరుకుతాయి. పళ్లు లేని నున్నటి, తడి చిగురు మీద దొరకవు. దవడ ఒక చివర నుంచి మరొక చివరకు చేరేసరికి ఆ అతుకుల పొరపాట్లన్నీ కూడుకుంటాయి. ఇంప్లాంట్ల మధ్య దూరం తక్కువగా ఉన్నప్పుడు, చిగురు కదలకుండా గట్టిగా ఉన్నప్పుడు స్కానర్ చక్కగా పనిచేస్తుంది. వెనక ఇంప్లాంట్లు దూరంగా ఉన్న కింది దవడలో, నాలుక, లాలాజలం అడ్డొస్తున్నప్పుడు, దాన్ని ఒక్కదాన్నే నమ్మి జిర్కోనియా సెట్టు చేయించడం సాహసమే. స్కాన్ బాడీలను (స్కానర్ గుర్తుపట్టడానికి ఇంప్లాంట్లపై బిగించే ముక్కలను) ఒకదాని వైపు మరొకటి వచ్చేలా అడ్డంగా పొడిగించే కొత్త రకాలు ఈ ఇబ్బందిని కొంత తగ్గించాయి.

ఫోటోగ్రామెట్రీ వేరే పద్ధతి. దాని కెమెరా ఇంప్లాంట్లపై బిగించిన గుర్తులన్నిటినీ ఒకే చట్రంలో చూసి, వాటి మధ్య దూరాలనూ కోణాలనూ నేరుగా లెక్కగడుతుంది గనుక అతుకుల పొరపాటు ఉండదు. చిగురును మాత్రం అది చూడదు; ఆ భాగానికి మళ్లీ స్కానర్ గాని మామూలు ఇంప్రెషన్ గాని కావలసిందే. నెలకు ఒకటో రెండో పూర్తి దవడ కేసులు చేసే క్లినిక్కుకు ఈ కెమెరా ఖర్చు గిట్టుబాటు కాదు. స్కానర్ అమ్మడానికి వచ్చే ప్రతినిధి చూపించే డెమో దాదాపుగా పళ్లున్న నోట్లోనే ఉంటుందన్న సంగతి కూడా కొనేముందు గుర్తు పెట్టుకోవాలి. పళ్లు లేని నోట్లో చేసి చూపమని అడగడంలో తప్పేమీ లేదు.

జిగ్: మానకూడని పని

నన్ను ఒక్క పనికి మాత్రమే డబ్బు ఖర్చు పెట్టమంటే స్కానర్ మీద కాదు, వెరిఫికేషన్ జిగ్ (మోడల్ నోటితో సరిపోయిందో లేదో పరీక్షించే కమ్మీ) మీద పెడతాను. మాస్టర్ మోడల్ (చివరి ఇంప్రెషన్ నుంచి పోసిన మోడల్) మీద ప్లాస్టర్‌తో గాని రెజిన్‌తో గాని సన్నటి జిగ్ కట్టించి, నోట్లో పెట్టి, ఒక చివరి స్క్రూ మాత్రమే బిగించాలి. రెండో చివర లేచిందా, ఎక్స్‌రేలో సందు కనపడుతోందా చూడాలి. ప్లాస్టర్ జిగ్‌కు ఒక సుగుణముంది: బలవంతంగా బిగిస్తే వంగదు, పటుక్కున విరిగి నిజం చెప్పేస్తుంది. తేడా ఉంటే జిగ్‌ను తేడా ఉన్నచోట కోసి, నోట్లో తిరిగి కలిపి, మోడల్‌లో ఆ అనలాగును తీసి కొత్త స్థానంలో పాతించాలి. స్కాన్‌తో చేసిన పనికీ ఈ పరీక్ష వర్తిస్తుంది. దీనికి పట్టేది అదనంగా ఒక అపాయింట్‌మెంటు, కొద్దిపాటి రెజిన్; మానేస్తే పోయేది మొత్తం ఫ్రేమ్‌వర్కు (సెట్టు లోపలి చట్రం) ఖరీదు.

బైట్ రికార్డు: దేని మీద, ఎలా

ఇంప్లాంట్ల స్థానం సరిగ్గా వచ్చి బైట్ తప్పితే రోగి దృష్టిలో పనంతా తప్పినట్టే. మొదటి ఎంపిక, రిమ్ము (పళ్లకు బదులుగా బేస్ మీద కట్టే మైనపు గట్టు) దేని మీద ఆనుతుందన్నది. చిగురు మీద ఆనే మామూలు బేస్ ఎంత బాగున్నా కదులుతుంది, ముఖ్యంగా కింది దవడలో. రెండు లేదా మూడు ఇంప్లాంట్లకు స్క్రూలతో బిగించే బేస్ కదలదు. దవడను మీరు నడిపిస్తున్నప్పుడు బేస్‌ను పట్టుకోవడానికి ఇంకో చేయి అవసరం ఉండదు. స్థిరమైన సెట్టుకు ఇది దాదాపు ఎప్పుడూ సరైన ఎంపిక. రెండు లొకేటర్ల సెట్టుకు మామూలు బేస్ చాలు, లొకేటర్ల దగ్గర కాస్త చోటు ఉంచితే.

అన్నిటికన్నా మంచి బైట్ రికార్డు మాత్రం రోగి నోట్లోనే ఉన్నప్పుడు దాన్ని వదులుకోకూడదు. ఆపరేషన్ రోజున బిగించిన తాత్కాలిక సెట్టుతో రోగి కొన్ని నెలలుగా తింటూ, మాట్లాడుతూ, ఇబ్బంది లేదంటుంటే, ఆ సెట్టునే విప్పి మాస్టర్ మోడల్ అనలాగులకు బిగించి, ఎదుటి మోడల్‌ను దాని కాటుకు ఆర్టిక్యులేటర్‌లో (దవడల కదలికను అనుకరించే పరికరంలో) కట్టించవచ్చు. ఎత్తు, మధ్యరేఖ, పెదవి ఆసరా అన్నీ పరీక్షకు నిలిచినవే అక్కడుంటాయి. ఆపరేషన్ రోజునే మొదటిసారి బైట్ తీయడం మాత్రం మంచిది కాదు. మత్తు ఇంజెక్షన్ ప్రభావంలో ఉన్న దవడ ఎక్కడ మూసుకుంటుందో నమ్మలేం. ఆ రికార్డు ముందు రోజుల్లోనే తీసి ఉంచుకోవాలి.

నిలువు ఎత్తుకు దవడ విశ్రాంతిగా ఉన్నప్పటి కొలతలోంచి 2 నుంచి 4 మి.మీ. తీసివేయడం అందరికీ తెలిసిన పద్ధతే, కానీ మాట దానికన్నా నిజాయితీగా సాక్ష్యం చెబుతుంది. "అమ్మ", "మామ" అనిపించి ఆగమంటే పెదవులు తేలిగ్గా ఆని, దవడ విశ్రాంతి స్థితికి వస్తుంది. "సీసా", "సరస్సు", "సాలార్‌జంగ్" అనిపిస్తే రిమ్ములు తగలకుండా, 1 మి.మీ. సందుతో దగ్గరికి రావాలి. సకారం దగ్గర రిమ్ములు టక్కుమన్నాయంటే ఎత్తు ఎక్కువైనట్టు. పై ముందు పళ్ల అంచు కోసం "ఫలక్‌నుమా" మంచి మాట, అందులోనూ ఉర్దూ అలవాటున్న నోటికి; ఫకారం పలికేటప్పుడు ఆ అంచు కింది పెదవి మీద తడి, పొడి కలిసే గీతను తాకాలి.

దవడ వెనక స్థానానికి చాలామందిలో నాలుక కొనను అంగిలి వెనకకు ఆనించి మూయమనడం, రెండు చేతులతో దవడను నడిపించడం చాలు. ఏళ్ల తరబడి అరిగిపోయిన పాత సెట్టు వాడిన పెద్దవారిలో మాత్రం దవడ ముందుకు జరిపి మూసే అలవాటు బలంగా పాతుకుపోయి ఉంటుంది. వారికి ఒకే రోజు రెండుసార్లు తీసిన రికార్డులు కలవకపోతే గోథిక్ ఆర్చ్ ట్రేసింగ్‌కు (దవడ కదలికను బాణం ఆకారంలో గీయించి వెనక స్థానాన్ని పట్టుకునే పద్ధతికి) వెళ్లాలి. స్క్రూలతో బిగించిన బేసుల మీద ఆ పరికరం చాలా స్థిరంగా పనిచేస్తుంది. రిమ్ముల మధ్య రికార్డుకు మైనం కన్నా బైట్ సిలికోన్ ఎంచుకోండి. మధ్యాహ్నం బైకు డిక్కీలో కూకట్‌పల్లి నుంచి కోఠీ దాకా ప్రయాణం చేసిన మైనపు రికార్డు, బయలుదేరినప్పటి ఆకారంలో చేరుతుందన్న నమ్మకం లేదు.

దవడ కీలుతో పై దవడకున్న సంబంధాన్ని ఆర్టిక్యులేటర్‌కు చేర్చే ఫేస్‌బో విషయంలో నాది మధ్యేమార్గం. రెండు లొకేటర్ల సెట్టుకు సగటు కొలతలకు బిగించిన మీన్ వాల్యూ ఆర్టిక్యులేటర్‌తో సరిపెట్టుకోవచ్చు. రెండు దవడలకూ స్థిరమైన సెట్టు చేస్తుంటే, లేదా ఆర్టిక్యులేటర్ మీద ఎత్తు మార్చే అవకాశం ఉంటే, ఫేస్‌బో, రోగికి తగ్గట్టు కొంతవరకు సర్దగలిగే సెమీ అడ్జస్టబుల్ ఆర్టిక్యులేటర్ కావాలి. ల్యాబులో ఆ ఆర్టిక్యులేటర్ ఉందో లేదో ఫేస్‌బో తీయకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ల్యాబుకు పంపే చీటీలో ఇంప్లాంట్ కంపెనీ పేరు, ప్లాట్‌ఫామ్ (ఇంప్లాంట్ పై ముఖం) కొలత, ఒక్కొక్క స్థానంలోని అబట్‌మెంట్ కోణం, ఎత్తు, కొలత ఇంప్లాంట్ మట్టానిదా అబట్‌మెంట్ మట్టానిదా అన్నది, ప్రతి స్థానానికీ విడివిడిగా రాయాలి. అనలాగులు కూడా అదే కంపెనీవి మీరే పంపితే మంచిది. కొలత దగ్గరగా ఉందని వేరే కంపెనీ అనలాగు పెట్టిన మోడల్ మీద, ఇంతదాకా చెప్పుకున్న ఏ ఎంపికా పని చేయదు. చిగురు భాగానికి చిగురును పోలిన మెత్తటి గమ్ మాస్క్, మిగతాదానికి తక్కువ వ్యాకోచం గల టైప్ 4 రాయి (మోడల్ పోసే గట్టి జిప్సం) వాడమని కూడా ఆ చీటీలోనే రాసి పంపాలి.